ఎనిమిదిలో కాలిక్యులస్, బీటెక్‌లో కాలం–పని

సికింద్రాబాద్‌లో ఏ క్లాసు పాఠం ఆ క్లాసులో దొరకడం మానేసి చాలా కాలమైంది. ఎనిమిదో తరగతి గదిలోకి తొంగిచూస్తే బోర్డు మీద డీవై బై డీఎక్స్. పదో తరగతిలో ఇంటర్ ఫిజిక్స్. ఇంటర్‌లో ఇంటర్ తప్ప మిగతావన్నీ. బీటెక్‌లో చేరగానే ‘బ్రిడ్జి కోర్సు’ పేరుతో మళ్లీ ఇంటర్. చివరికి బీటెక్ నాలుగో ఏడాది, క్యాంపస్ సెలక్షన్లకు కంపెనీలు వస్తున్నాయనగా, ఎనిమిదో తరగతి: పది మంది కూలీలు ఒక గోడను ఆరు రోజుల్లో కడితే పదిహేను మంది ఎన్ని రోజుల్లో కడతారు? నాలుగు రోజులు అని చెప్పడానికి మనవాడికి ఎనిమిదేళ్లు పట్టింది.

రైల్ నిలయం ఉన్న ఊరు కాబట్టి ఆ భాషలోనే చెప్తాను. బండి ఇంకా మౌలాలి దాటలేదు, కాజీపేటలో దిగాల్సినవాళ్లంతా అప్పుడే సామాన్లతో తలుపు దగ్గరికొచ్చి తోసుకుంటున్నారు. కాజీపేటలో దిగాక గుర్తొస్తుంది, చెప్పులు సీటు కిందే ఉండిపోయాయని. మళ్లీ వెనక్కి టికెట్టు.

ఈ తోపులాటకు బడి బ్రోషర్లలో గౌరవప్రదమైన పేర్లున్నాయి. ఐఐటీ ఫౌండేషన్, నీట్ ఫౌండేషన్, ఒలింపియాడ్, టెక్నో, కాన్సెప్ట్. ఈ మధ్య కాస్త ఇంగ్లీషు వచ్చినవాడెవడో ప్రింటింగ్ ప్రెస్సులో చేరినట్టున్నాడు, ‘అడ్వాన్స్‌డ్ ఎలెక్టివ్స్ ఫర్ యంగ్ అచీవర్స్’ అని కూడా వేస్తున్నారు. కాలేజీ స్థాయి చదువు, బడిలోనే, పిల్లవాడి ఇష్టప్రకారం. వినడానికి ఎంత బాగుంది! ఇందులో కాలేజీ లేదు, చదువు లేదు, పిల్లవాడి ఇష్టం అసలే లేదు. ఫీజు ఉంది.

విద్యా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి అడ్మిషన్లు అంతకుముందు దసరాకే మొదలవుతాయి. జనవరి వచ్చేసరికి ‘లాస్ట్ ఫ్యూ సీట్స్’. ఆ జనవరిలోనే మా బావమరిది తన కొడుకును బడి మార్చాలనుకుని, మారేడ్‌పల్లి వైపు ఒకచోటికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నాడు. ఏఓ మేడం ఏసీ గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది.

“ఏ క్లాసండీ బాబు?”

“ఇప్పుడు ఏడు మేడం. జూన్‌లో ఎనిమిదికొస్తాడు.”

ఆమె పెన్ను కింద పెట్టేసింది. “ఆరులోనే తెచ్చుంటే బాగుండేది సార్. మా పిల్లలకి దాదాపు రెండేళ్ల ఫౌండేషన్ అయిపోవచ్చింది. మీవాడు గ్యాప్‌లో ఉన్నాడు.”

పన్నెండేళ్లవాడు. పొద్దున ఇంట్లో బయల్దేరేటప్పుడు క్లాసు ఫస్టు. మారేడ్‌పల్లి చేరేసరికి గ్యాప్‌లో ఉన్నాడు.

“ఎలెక్టివ్స్ అంటున్నారు కదా, ఏమేం ఉన్నాయి మేడం?” అన్నాను నేను, ఊరికే ఉండలేక.

“మూడున్నాయి సార్. ఐఐటీ ఫౌండేషన్, నీట్ ఫౌండేషన్. లేదంటే ఐఐటీ ప్లస్ నీట్ ఫౌండేషన్.”

“వాడికేది ఇష్టమో…”

“చిన్నపిల్లవాడు, వాడికేం తెలుస్తుంది సార్. ఫాదర్‌గారు చెప్పాలి.”

ఫాదర్‌గారు అప్పటికే ‘ప్లస్’ దగ్గర వేలు పెట్టి ఉన్నారు. రెండు రోగాలకూ ఒకే మందు దొరుకుతుంటే ఎవరు వదులుకుంటారు? నేను గేమ్స్ పీరియడ్ సంగతి అడిగాను. ఉందట. ఎనిమిదో క్లాసు నుంచి దాన్ని డౌట్ క్లారిఫికేషన్‌గా ‘కన్వర్ట్’ చేస్తారట. మరి మామూలు ఎనిమిదో తరగతి సిలబస్ ఎప్పుడు చెప్తారని అడిగితే, “జనవరి నుంచి రివిజన్‌లో కవర్ చేసేస్తాం సార్” అంది, చాలా నమ్మకంగా. చెప్పని పాఠాన్ని రివిజన్ చేయడం ఎలాగో నాకు అర్థం కాలేదు. నేనూ గ్యాప్‌లోనే ఉన్నట్టున్నాను.

ఈలోగా మా వాడు గోడనిండా ఉన్న ఫ్లెక్సీ చూస్తున్నాడు. పాస్‌పోర్టు సైజు మొహాలు, ఒక్కో మొహం కింద ఒక్కో పెద్ద అంకె: 1, 2, 2, 5, 9. “మామయ్యా, ఇద్దరికి రెండో ర్యాంకు ఎట్లొచ్చింది?” అన్నాడు. దగ్గరికెళ్లి చూస్తే, అంకె పక్కన చీమ తలకాయంత చుక్క, ఫ్లెక్సీ అడుగున ఆ చుక్కకు అర్థం: అది కేటగిరీ ర్యాంకు. ఆ రోజు ఆ గదిలో ఎవరైనా అడిగిన అడ్వాన్స్‌డ్ ప్రశ్న అదొక్కటే. దానికి ఎవరూ మార్కులు వేయలేదు. బావమరిది “ఊకో” అన్నాడు.

ప్రభుత్వానికి ఇదంతా తెలియదని కాదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు విడుదల చేసింది. పదహారేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదు. పదో తరగతి పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలి. ర్యాంకు గ్యారంటీ అని చెప్పి తల్లిదండ్రుల్ని మభ్యపెట్టకూడదు. బడి వేళల్లో క్లాసులు పెట్టకూడదు. రాసినవాళ్లు మంచి మనసుతోనే రాసి ఉంటారు. పాపం, వాళ్ల లెక్క ప్రకారం బడి ఒకచోట ఉంటుంది, కోచింగ్ సెంటర్ ఇంకోచోట ఉంటుంది, పిల్లవాడు సాయంత్రం ఇక్కణ్నుంచి అక్కడికి వెళ్తాడు. మన దగ్గర ఆ ఆటో ఖర్చు కూడా లేకుండా చేశారు. మేడం దగ్గర ఈ మార్గదర్శకాల ఊసెత్తితే నొచ్చుకుంది. “ఇది కోచింగ్ కాదు సార్. ఇంటిగ్రేటెడ్ కరికులం.” బడి వేళల్లో కోచింగ్ చెప్పొద్దని ఢిల్లీ అంది. వీళ్లు కోచింగ్ వేళల్లో బడి చెప్పట్లేదు. చట్టం దృష్టిలో ఎవరి తప్పూ లేదు.

2020 జాతీయ విద్యా విధానం సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. సైన్సుకూ ఆర్ట్స్‌కూ మధ్య, చదువుకూ ఆటపాటలకూ మధ్య, పుస్తకానికీ చేతిపనికీ మధ్య గట్టి గోడలు ఉండకూడదంది. హైస్కూలు పిల్లలకు సబ్జెక్టులు ఎంచుకునే స్వేచ్ఛ పెంచాలంది. గోడలు పడగొట్టమన్నారని తెలియగానే మన బడులు నిజంగానే పడగొట్టాయి. ఆర్ట్స్ గదికీ సైన్సు గదికీ మధ్య గోడ తీసేసి ఎనభై మంది పట్టే ఏసీ హాలు చేసి, అందులో స్టార్ బ్యాచ్‌ను కూర్చోబెట్టాయి.

ఈ పిచ్చి సికింద్రాబాద్‌లో పుట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఐఐటీలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష 1961లో మొదలైంది. 1980లలో నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐఐటీ పాఠాలు మొదలుపెట్టారు. ఆయన లెక్కల మేష్టారు, చెప్పింది కాలేజీ ఈడు పిల్లలకు. ఆయన దగ్గర చేరడానికి ఒక ప్రవేశ పరీక్ష ఉండేది. ఆ ప్రవేశ పరీక్షకు తయారుచేసే కోచింగులు వేరే వెలిశాయి. రామయ్యగారు తర్వాత శాసనమండలికి వెళ్లారు, వ్యాసాలు రాశారు. ఊరికి మాత్రం ఆయన చెప్పిన లెక్కలు గుర్తులేవు, ఆ కోచింగు కోసం కోచింగు అన్న ఆలోచనే తలకెక్కింది. మెట్టుకో మెట్టు కిందికి కట్టుకుంటూ వచ్చి ఆరో తరగతి దగ్గర కాస్త ఊపిరి తీసుకుంటోంది. దేశంలో 23 ఐఐటీలు, వాటిలో బీటెక్ సీట్లు సుమారు 18 వేలు. జేఈఈ మెయిన్‌కు పేర్లిచ్చేవాళ్లు 15 లక్షలకు అటూఇటూ. ప్యాట్నీ నుంచి తార్నాక దాకా ఉన్న ఫ్లెక్సీలు నమ్మితే ఆ 18 వేల మందీ మన బస్తీల్లోనే ఉన్నారు.

నిజానికి బడిలో కాలేజీ పాఠం అన్న ఆలోచనలో తప్పేం లేదు. అమెరికాలో కాలేజ్ బోర్డు అనే సంస్థ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పేరుతో దాన్ని 1950లలోనే మొదలుపెట్టింది, 1956లో తొలి పరీక్షలు పెట్టింది. హైస్కూలు పిల్లవాడు తనకు నచ్చిన సబ్జెక్టులో కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠం చదివి, మే నెలలో పరీక్ష రాస్తాడు. ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు. మంచి స్కోరు వస్తే చాలా యూనివర్సిటీలు అక్కడ ఆ పాఠం మళ్లీ చదవక్కర్లేదంటాయి. నలభై దాకా సబ్జెక్టులున్నాయి. చిత్రకళా చరిత్ర ఉంది, సంగీత శాస్త్రం ఉంది, సైకాలజీ ఉంది, లాటిన్ ఉంది, డ్రాయింగ్ ఉంది. మనవాళ్లు ఫ్రిస్కోలోనూ ఎడిసన్‌లోనూ కాపురం పెట్టాక ఈ నలభైలో నాలుగే కనిపించాయి: కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్. ఏడు సముద్రాలు దాటినా మారేడ్‌పల్లి దాటలేదు.

టెక్సాస్ నుంచి మా చిన్నాయన కొడుకు ఆదివారం వీడియో కాల్‌లో ఇదే చెప్తాడు. “మావాడు పన్నెండు ఏపీలు చేస్తుండు అన్నా. పక్కింటి గుజరాతీ పిల్లవాడు పద్నాలుగట. నాకు రాత్రి నిద్ర పడ్తలేదు.” ఒక్క ఏపీని పట్టుకునే మేం దశాబ్దాలపాటు కొట్టుకుని 2014లో పంచుకోవాల్సి వచ్చింది, పన్నెండు ఏపీలతో ఆ ఒక్క పసివాడు ఎట్లా వేగుతున్నాడో అనిపించింది. పిల్లవాడు కెమెరా వెనకాల ఉన్నాడు. పలకరిస్తే “హాయ్ పెదనాన్నా” అని మాయమయ్యాడు. ఏపీ ఏదో ఉందట.

మన ఇంటర్‌లో కూడా పిల్లవాడు నిజంగా ఎంచుకోగలిగిన చోటు ఒకటుంది. సెకండ్ లాంగ్వేజ్. తెలుగు తీసుకోవచ్చు, హిందీ తీసుకోవచ్చు, ఉర్దూ తీసుకోవచ్చు. దొరికిన ఆ ఒక్క స్వేచ్ఛతో మనం సంస్కృతం తీసుకున్నాం. కాళిదాసు మీద ప్రేమ పొంగుకొచ్చి కాదు, నూటికి 98 వస్తాయని. జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకోవచ్చు, అదొక సౌకర్యం. సంస్కృతం రాయకుండానే సంస్కృతంలో 98 తెచ్చుకున్న పండితులు ఈ ఊళ్లో వీధికి పదిమంది ఉన్నారు. వినాయక చవితికి వ్రతకథ పుస్తకం తెలుగు అక్షరాల్లో చదవలేక యూట్యూబ్ పెట్టేదీ వాళ్లే. కాలేజీ యాజమాన్యాలు తెలుగు తీసుకుంటానన్న పిల్లవాడిని జాలిగా చూస్తాయి. టోటల్ పోతుంది బాబూ అంటాయి.

తెలుగే తీసుకుని, బాగా రాసిన ఒక అమ్మాయికి 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ బోర్డు సున్నా వేసింది. మళ్లీ దిద్దితే 99. ఆ ఏడాది ఫలితాలు తప్పుల తడకలయ్యాయి. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా పిల్లల పేపర్లు మళ్లీ చూడాల్సి వచ్చింది. ఆలోగా రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల ఇళ్లల్లో ఎవరికీ ఆ తర్వాత వచ్చిన కొత్త మెమోలతో పని లేకపోయింది. ఇక్కడ నాకు వ్యంగ్యం నోటికి రావట్లేదు. ముందుకు పోతాను.

ఈ మధ్య కొత్తగా వచ్చింది కోడింగు. సీబీఎస్‌ఈ 2019–20 నుంచి తొమ్మిదో తరగతిలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ను ఐచ్ఛికంగా పెట్టింది. అది పద్ధతిగా చెప్పే బడులు ఉండొచ్చు, ఉంటే వాటికి దండం. ఎక్కువచోట్ల జరిగేది వేరు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు చక్రాలూ రెండు వైర్లూ ఇచ్చి రోబోటిక్స్ ఫీజు అంటారు. యాన్యువల్ డే నాడు ఆ చక్రాల బండి స్టేజీ మీద మూడడుగులు నడిచి ముఖ్య అతిథి బూటుకు తగులుతుంది. తల్లులు సెల్‌ఫోన్లు ఎత్తుతారు.

అసలు ఈ అడ్వాన్స్‌డ్ కోర్సులన్నింటికీ సరిపోయే ఆదర్శ విద్యార్థి ఒకడు పుట్టాడు. పేరు వోల్ఫ్ గుప్తా. 2020లో వైట్‌హ్యాట్ జూనియర్ అనే ఆన్‌లైన్ కోడింగ్ కంపెనీ ప్రకటనల్లో కనిపించాడు. చిన్న వయసులో కోడింగ్ నేర్చుకుని గూగుల్‌లో కోట్ల జీతానికి చేరాడన్నారు. ఒక ప్రకటనలో ఒక వయసు, ఇంకో ప్రకటనలో ఇంకో వయసు. జీతం కూడా అలాగే పెరిగేది, తగ్గేది. చివరికి తేలిందేమంటే అసలు అలాంటి పిల్లవాడే లేడు. ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పాక కంపెనీ కొన్ని ప్రకటనలు వెనక్కి తీసుకుంది. ఆ కంపెనీని అదే ఏడాది ఆగస్టులో బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. నాకు మాత్రం వోల్ఫ్ గుప్తా మీద గౌరవం తగ్గలేదు. ఆకలి లేదు, నిద్ర లేదు, ఆడుకుంటాననడు, ఎదురు ప్రశ్న వేయడు, వారానికో క్లాసు దాటేస్తాడు. మన బడులు కోరుకుంటున్న పిల్లవాడు అచ్చంగా వాడే. ఉన్న ఒక్క లోపం పుట్టకపోవడం.

ఇక నిజమైన అడ్వాన్స్‌డ్ ప్రాక్టికల్ ఒకటి ఈ ఊళ్లోనే జరిగింది. ఫౌండేషన్ బడుల వ్యాన్లు పొద్దున్నే హారన్లు కొట్టుకుంటూ పోయే దారికి కూతవేటు దూరంలో, బేగంపేటలో, పాత విమానాశ్రయం దగ్గర ఒక బంగళా ఉంది. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన చోటు అది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. మా బైపీసీ పిల్లలు ఎవరిని లేపి అడిగినా ఇది చెప్తారు: రాస్, 1902, ఆప్షన్ సీ. ఆ బంగళా ఎక్కడుందంటే మాత్రం అవుట్ ఆఫ్ సిలబస్.

మెటీరియల్‌లో లేని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆగస్టు ఉక్కలో రాస్ పంకా ఆపించాడు, గాలికి కోసిపెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని. నుదుటి మీద నుంచి, చేతుల మీద నుంచి కారిన చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి ఉంది. దోమ తర్వాత దోమను కోసి, కణం తర్వాత కణం చూసుకుంటూ పోయాడు. ఏమీ కనబడేది కాదు. మళ్లీ ఇంకో దోమ. హుసేన్ ఖాన్ అనే జ్వరపు రోగి ఆ దోమల చేత కుట్టించుకున్నాడు, దోమకు ఒక అణా చొప్పున. గమనించండి, ఆ రోజుల్లో కుట్టించుకున్నవాడికి డబ్బులిచ్చేవారు. ఇప్పుడు కుట్టించుకోవడానికి మనమే టర్ము ఫీజు కడుతున్నాం.

ఈ రాస్‌ను పన్నెండేళ్ల వయసులో ఎవరైనా మన ఏఓ మేడం ముందు కూర్చోబెట్టి ఉంటే? కుర్రవాడికి కవిత్వం ఇష్టం, సంగీతం ఇష్టం, తర్వాత లెక్కల పిచ్చి పట్టింది. సైన్యంలో పెద్ద అధికారి అయిన తండ్రి మెడిసిన్‌లో పడేశాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం అచ్చం మావాళ్లే. లండన్‌లో వైద్యం చదువుతూ పాఠాలు వదిలేసి పాటలు కట్టుకుంటూ కూర్చున్నాడు. ఒక లైసెన్సు పరీక్ష తప్పాడు కూడా. ఇలాంటివాడిని సూపర్ బ్యాచ్‌లో కాదు, ‘సీ’ సెక్షన్‌లో చివరి బెంచీ మీద కూర్చోబెట్టి, నెలకోసారి తండ్రిని పిలిపించేవారు. దోమలు పట్టుకుని కూర్చుంటే హాస్టల్ వార్డెన్ ముందు దోమలమందు కొట్టించి, తర్వాత వీణ్ని కొట్టేవాడు.

మన పిల్లలు ల్యాబులోకి వెళ్లేది ఇంటర్ రెండో ఏడాది ప్రాక్టికల్స్‌కు కొద్దిరోజుల ముందు. పిపెట్ ఏదో బ్యూరెట్ ఏదో అప్పుడు పరిచయం చేస్తారు. రికార్డులు అప్పటికే రాసి ఉంటాయి, రీడింగులు సీనియర్లవి. ఫౌండేషన్ పుణ్యమా అని ఎనిమిదిలోనే ఆ ప్రయోగం మీద బిట్లు పెట్టేసి ఉంటారు కాబట్టి, చేయకుండానే జవాబు తెలుసు. తెలిసిన జవాబుకు ప్రయోగం ఎందుకు, దండగ.

ఈడుకు మించిన పుస్తకం చదవడం పాపమని నేననడం లేదు. కుంభకోణంలో శ్రీనివాస రామానుజన్ పదమూడేళ్లు నిండేలోపు, ఇంట్లో అద్దెకున్న కాలేజీ కుర్రాళ్ల దగ్గర లోనీ రాసిన త్రికోణమితి పుస్తకం అడిగి తీసుకుని నమిలి మింగేశాడు. ఆయన బొమ్మ మన బడుల మెట్ల దగ్గర ఉంటుంది. ఆ లోనీ పుస్తకం నేటికీ ఐఐటీ కోచింగుల్లో నలుగుతూనే ఉంది. అయితే రామానుజన్‌కు దాన్ని ఎవరూ మైక్రో షెడ్యూల్‌లో పెట్టలేదు, శనివారం వీకెండ్ టెస్టు పెట్టలేదు, తప్పు బిట్టుకు పావు మార్కు కోయలేదు. వాడికి కావాల్సొచ్చింది, అడిగి తెచ్చుకున్నాడు. తర్వాత కాలేజీలో లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులు పోయి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడన్నది బొమ్మ కింద రాయరు. టోటల్ పోయినవాడి బొమ్మ పెట్టుకున్నామని ఆ యాజమాన్యాలకు ఇంకా తెలిసినట్టు లేదు.

మల్కాజిగిరిలో మా మిత్రుడికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ ఆఖరి ఏడాది, చిన్నవాడు ఎనిమిది. మొన్న రాత్రి భోజనానికి పిలిస్తే వెళ్లాను. వంట అవుతుండగా ఇద్దరూ ఒకే బల్ల మీద చదువుకుంటున్నారు. పెద్దవాడి చేతిలో ఆప్టిట్యూడ్ పుస్తకం, చిన్నవాడి చేతిలో ఫౌండేషన్ మెటీరియల్. పుస్తకాలు మారిపోయాయేమో అనుకుని చూశాను. మారలేదు.

పెద్దవాడు పైకి చదువుతున్నాడు: ఒక పైపు తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకో పైపు పన్నెండు గంటల్లో ఖాళీ చేస్తుంది, రెండూ ఒకేసారి తెరిస్తే తొట్టి ఎప్పుడు నిండుతుంది?

“ఖాళీ చేసేది బంద్ చేయొచ్చు గదా అన్నా” అన్నాడు చిన్నవాడు.

“అది ఆప్షన్స్‌లో లేదురా” అన్నాడు పెద్దవాడు. వాడు వేలితో గాల్లో క.సా.గు. వేసుకుంటున్నాడు. ఒకప్పుడు వాడు ఫౌండేషన్ టాపరు, వాడి మొహం లాలాగూడ ఫ్లైఓవర్ దగ్గర ఫ్లెక్సీ మీద ఒక వేసవంతా ఎండకు ఎండింది.

కాసేపాగి చిన్నవాడి నోట్సులోకి తొంగిచూశాడు. ఎక్స్ స్క్వేర్‌ను డిఫరెన్షియేట్ చేస్తే టూ ఎక్స్. “ఎట్ల చేసినవ్రా?”

“షార్ట్‌కట్ అన్నా. పైనున్న అంకె ముందుకు తేవాలె, పైన ఒకటి తగ్గించాలె.”

“ఎందుకు?”

“ఎందుకనేది లెవెన్త్‌ల చెప్తరంట.”

పెద్దవాడు నవ్వలేదు. “నేను లెవెన్త్‌ల అడిగితే, ఎయిత్‌లనే చెప్పినం గదా అన్నరు” అన్నాడు.

వాళ్లమ్మ వంటింట్లోంచి ప్లేట్లు తెమ్మని కేకేసింది. మా మిత్రుడు మాత్రం ఈ సంభాషణ వినలేదు, ఫోన్‌లో ఉన్నాడు. ఏదో బడి పీఆర్ఓ. రాత్రి ఎనిమిదిన్నరకు, ఆదివారం. స్పీకర్‌లో పెట్టాడు, నాకూ వినపడాలని.

“సార్, మీ చిన్నబాబు గురించి. వచ్చే అకడమిక్ ఇయర్ నుంచి కొత్త ఎలెక్టివ్ లాంచ్ చేస్తున్నాం సార్. క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఫౌండేషన్. రేపు బీటెక్ ఫైనలియర్‌లో కంపెనీలు ఏం అడుగుతాయో ఇప్పటినుంచే చెప్పేస్తాం. శాతాలు, లాభనష్టాలు, కాలం–పని, పైపులు–తొట్లు. ఫుల్ కాన్సెప్ట్‌తో సార్, షార్ట్‌కట్స్ కాదు.”

“ఏ క్లాసుకండీ?” అన్నాడు మా మిత్రుడు.

“ఎనిమిదో క్లాసుకే సార్. ఆ ఏజ్‌కి కరెక్ట్‌గా సూట్ అవుతుందని మా ఆర్ అండ్ డీ వాళ్లు తేల్చారు.”

మా మిత్రుడు నా వైపు చూసి కళ్లెగరేశాడు, చూశావా ఎంత ముందుచూపో అన్నట్టు. తర్వాత స్పీకర్ తీసేసి, పక్క గదిలోకి నడుస్తూ, గొంతు తగ్గించి అడిగాడు:

“ఫౌండేషన్ ఫీజులో కలిసి ఉంటుందా, దీనికి వేరే కట్టాలా?”